క్యాన్యులా, మిడ్‌లైన్, పిక్ లైన్, కీమో పోర్ట్: ఏ చికిత్సకు ఏది తగినది?

“నరం దొరకడం లేదమ్మా, ఇంకో చేయి చూపించండి” అనే మాట ఆసుపత్రిలో ఒక్కసారైనా వినని కుటుంబం మన ప్రాంతంలో అరుదు. వాడుకలో మనం నరం అంటున్నది నిజానికి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిర. స్పర్శనూ కదలికనూ నడిపే నరం వేరు, కాబట్టి ఈ వ్యాసంలో సిర అనే మాటనే వాడుతున్నాను. ఒకప్పుడు సిర దొరకకపోతే మరోచోట గుచ్చి చూడడం తప్ప దారి ఉండేది కాదు. ఇప్పుడు ఒకసారి పెడితే రోజులు, నెలల తరబడి సిరలోకి మందు పంపగలిగే మిడ్‌లైన్, పిక్ లైన్, కీమో పోర్ట్ వంటి సాధనాల పేర్లు ఆసుపత్రుల్లో తరచుగా వినిపిస్తున్నాయి, వాటి వాడకం పెరుగుతోంది. అయితే వాటిలో ఏది ఎవరికి తగినదో రోగికీ ఇంటివారికీ కూర్చోబెట్టి చెప్పే తీరిక చాలాచోట్ల ఉండదు. చికిత్స మధ్యలో, చేతులు రెండూ కమిలిపోయాక, సంతకం పెట్టమని కాగితం చేతికిచ్చినప్పుడు మాత్రమే ఆ పేరు మొదటిసారి తెలుస్తుంది.

మా పిన్నికి అలాగే జరిగింది. రొమ్ము క్యాన్సర్‌కు కుడివైపు శస్త్రచికిత్స చేసి చంకలోని లింఫు గ్రంథులు తీసివేసినందువల్ల ఆ చేతికి సూది వద్దన్నారు, మిగిలింది ఎడమ చేయి ఒక్కటే. మూడు వారాలకొకసారి ఎక్కించే డాక్సోరూబిసిన్, అంటే రోగులందరూ ఎర్ర మందు అని పిలిచేది, మూడు విడతలు పూర్తయ్యేసరికి ముంజేతి సిరలు తాళ్లలా గట్టిపడి నల్లబడ్డాయి. నాలుగో విడత రోజున ఐదుసార్లు గుచ్చిన తరువాత పోర్టు అనే మాట ఎవరో అన్నారు. అది పెట్టించాక, వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు సాగిన మిగతా చికిత్సలో ఆమె సూది గురించి ఒక్కసారి కూడా భయపడలేదు. సాధనాన్ని ఎంచుకోవలసిన సమయం సిరలు ఇంకా బాగున్న మొదటి రోజే అని అప్పుడు అర్థమైంది. ఆ ఎంపికకు పనికివచ్చే విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు సిర ద్వారా మందు అవసరమా?

ఏ సాధనం కావాలి అని అడిగే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. స్కాట్లండ్‌లోని లీత్ పట్టణంలో థామస్ లాట్టా అనే వైద్యుడు 1832లో కలరా రోగుల సిరల్లోకి ఉప్పునీటిని ఎక్కించి కొందరిని బతికించిన నాటి నుంచి సెలైన్ ప్రాణదాత అన్న నమ్మకం బలపడింది, ఆ నమ్మకానికి తగిన కారణమూ ఉంది. కానీ మన ఊళ్లలో నీరసంగా ఉందంటే చాలు “ఒక సీసా ఎక్కించండి” అని అడిగే అలవాటు వేరే సంగతి. 500 మి.లీ. సాధారణ సెలైన్‌లో ఉన్నది 4.5 గ్రాముల ఉప్పు మాత్రమే, శక్తి ఏమీ లేదు. అంతే పరిమాణంలో 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే 25 గ్రాముల చక్కెర అందుతుంది, దాని శక్తి 100 కిలోకేలరీలకు మించదు. నోటితో తాగగలిగిన మనిషికి ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ ఈ పనిని సిరకు గాయం లేకుండానే చేస్తాయి. ప్రతి అనవసరమైన సీసాకూ ఒక సిర ఖర్చవుతుందని, ముసలితనంలోనో పెద్ద జబ్బులోనో ఆ సిర కోసమే వెతుక్కోవలసి వస్తుందని చాలామందికి ఎవరూ చెప్పరు.

యాంటీబయాటిక్‌ల విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. లినెజోలిడ్, లీవోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ వంటి మందులు మాత్రగా మింగినా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. ఎముకలకూ కీళ్లకూ సోకిన ఇన్ఫెక్షన్లకు మొదటి ఆరు వారాలు తగిన మాత్రలు వాడినా ఫలితం సిర ద్వారా ఇచ్చిన మందుకు తీసిపోదని బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులతో జరిగి 2019లో వెలువడిన ఒవీవా పరిశోధన చూపింది. అందువల్ల “జ్వరం తగ్గింది, భోజనం చేస్తున్నారు, ఇక మాత్రలకు మార్చవచ్చా?” అని వైద్యుడిని అడగడంలో తప్పులేదు. అన్ని జబ్బులకూ ఇది కుదరదు. కుదిరినచోట మాత్రం ఇంతకంటే మంచి ఎంపిక లేదు.

ఎంపికను నిర్ణయించే మూడు విషయాలు

సిర ద్వారానే ఇవ్వాలని తేలాక చూడవలసినవి మందు స్వభావం, చికిత్స ఎన్ని రోజులు సాగుతుందన్నది, రోగి సిరల పరిస్థితి. మందు స్వభావం ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే రక్త ప్రవాహాన్ని ఊహించుకోవాలి. ముంజేతి సిరలో రక్తం నిమిషానికి కొన్ని పదుల మిల్లీలీటర్లే పారుతుంది, గుండెలోకి తెరుచుకునే ఎగువ మహాసిరలో నిమిషానికి సుమారు 2 లీటర్లు పారుతుంది. పిల్లకాలువలో పోసిన ఘాటైన మందు గట్లను తినేస్తుంది, అదే మందు గోదావరిలో పోస్తే క్షణంలో పలచబడిపోతుంది. డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ వంటి కీమో మందులు, రక్తపోటును నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్, గాఢమైన పొటాషియం, కాల్షియం ద్రావణాలు, నోటితో తినలేనివారికి సిర ద్వారా ఇచ్చే పూర్తి పోషకాహారం మొదలైనవి చిన్న సిరకు హాని చేసే కోవలోకి వస్తాయి. ద్రవంలో కరిగి ఉన్న పదార్థాల గాఢతను కొలిచే ఆస్మోలారిటీ రక్తానికి 290 దగ్గర ఉంటే, అది 900 దాటిన ద్రావణాన్ని చేతి సిరలోకి ఎక్కువసేపు ఎక్కించరాదని మార్గదర్శకాలు చెబుతాయి. ఎర్ర మందు సిర దాటి చుట్టూ ఉన్న కండలోకి కారితే చర్మం కుళ్లి, అతుకు వేయవలసినంత పుండు పడవచ్చు. కాబట్టి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే తీసుకోరాదు.

రోజుల లెక్కకు అమెరికాలోని మిషిగన్ వైద్యుల బృందం 2015లో ప్రచురించిన ‘మ్యాజిక్’ మార్గదర్శకం ఇప్పటికీ మంచి ఆధారం. స్థూలంగా దాని ప్రకారం, మందు ఘాటైనది కాకపోతే 5 రోజుల లోపు చికిత్సకు మామూలు క్యాన్యులా చాలు, 14 రోజుల వరకు మిడ్‌లైన్ తగినది, 15 రోజులు దాటితే పిక్ లైన్ ఆలోచించవచ్చు, నెలకు మించి సాగేదానికి పోర్టునూ చర్మం కింద సొరంగంగా నడిపే లైన్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ మార్గదర్శకం పుట్టడానికి కారణం కూడా మనం గుర్తుంచుకోవలసిందే: పిక్ లైన్ పెట్టడం తేలికైపోయిన అమెరికా ఆసుపత్రుల్లో రెండు మూడు రోజుల అవసరానికి కూడా దానిని పెట్టేసి, ఆపైన రక్తపు గడ్డలతోనూ ఇన్ఫెక్షన్లతోనూ అవస్థపడిన అనుభవం వారిచేత దీనిని రాయించింది. మన దగ్గర ఇప్పటివరకు సమస్య ఆలస్యం. వాడకం పెరిగే కొద్దీ తొందరపాటు కూడా సమస్య కాగలదు.

మామూలు క్యాన్యులా

చేతికి పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇది. సూది సిరలోకి దారి చేసి బయటికి వచ్చేస్తుంది, గొట్టం మాత్రమే లోపల ఉంటుంది. చాలామంది సూది లోపలే ఉందని భయపడి చేయి కదపకుండా కూర్చుంటారు, ఆ భయం అక్కరలేదు. ఇనుప సూది స్థానంలో ప్లాస్టిక్ గొట్టం వాడే పద్ధతిని 1950లో మేయో క్లినిక్‌లో శిక్షణ పొందుతున్న మత్తు వైద్యుడు డేవిడ్ మాస్సా వెలుగులోకి తెచ్చాడు.

క్యాన్యులా రంగును బట్టి దాని లావు తెలుస్తుంది. నారింజ రంగు 14 గేజ్, బూడిద రంగు 16, ఆకుపచ్చ 18, గులాబీ 20, నీలం 22, పసుపు 24, ఊదా 26 గేజ్. సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందని గమనించాలి. 18 గేజ్‌లో నిమిషానికి సుమారు 90 నుంచి 100 మి.లీ. పారితే 22 గేజ్‌లో 35 దగ్గర, 24 గేజ్‌లో 20 దగ్గర మాత్రమే పారుతుంది, ఎందుకంటే గొట్టం వ్యాసార్థం కొద్దిగా తగ్గినా ప్రవాహం దానికి ఎన్నో రెట్లు పడిపోతుంది. ప్రమాదంలో రక్తం పోయినవారికీ, కాన్పు సమయంలో రక్తస్రావం భయం ఉన్నవారికీ ఆకుపచ్చ, బూడిద రంగులవి కావాలి. రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌కు సాధారణంగా గులాబీ లేదా ఆకుపచ్చ అడుగుతారు. రోజుకు రెండుసార్లు యాంటీబయాటిక్ ఇవ్వడానికి మాత్రం నీలం చాలు. లావుగా ఉంటే మందు బాగా పనిచేస్తుందని అనుకోవడం పొరపాటు. గొట్టం చుట్టూ రక్తం పారడానికి చోటుంటేనే సిర ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పెట్టే చోటు కూడా రోజులను నిర్ణయిస్తుంది. మోచేతి మడతలోనూ మణికట్టు దగ్గరా పెట్టినది కదలికకు నలిగి త్వరగా పోతుంది, ముంజేతి నిటారు భాగంలో పెట్టినది నిలుస్తుంది. పెద్దవారికి కాలి సిరల్లో రక్తపు గడ్డల భయం ఎక్కువ కాబట్టి అక్కడ పెట్టడం తప్పనిసరి పరిస్థితికే పరిమితం కావాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా, పెట్టిన క్యాన్యులాల్లో మూడో వంతు నుంచి సగం దాకా చికిత్స పూర్తికాకముందే ఏదో ఒక కారణంతో పనికిరాకుండా పోతాయని వైద్య సాహిత్యంలో తరచుగా ఉదహరించే లెక్క. అందువల్లనే పది రోజుల మందుకు క్యాన్యులాను ఎంచుకోవడమంటే మూడు నాలుగు సార్లు గుచ్చించుకోవడానికి ఒప్పుకోవడమే.

మూడు రోజులకొకసారి తప్పనిసరిగా మార్చాలన్న పాత నియమం చాలా ఆసుపత్రుల్లో ఇంకా ఉంది. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన తరువాత, నొప్పి, ఎరుపు, వాపు, కారడం వంటి లక్షణం కనిపించినప్పుడు మారిస్తే చాలన్న అభిప్రాయం బలపడింది. అయితే ఈ పద్ధతికి ప్రతి పూటా క్యాన్యులా చోటును చూసే కన్ను ఉండాలి. ఒక్క నర్సు నలభై మందిని చూసే వార్డులో పాత నియమమే క్షేమమని నా అభిప్రాయం. మందు లేని క్యాన్యులాను రేపు అవసరపడవచ్చునని ఉంచేయడం మాత్రం ఏ పద్ధతిలోనూ సరికాదు.

మిడ్‌లైన్

మన దగ్గర తక్కువగా వినబడే పేరు ఇదే, నిజానికి ఎక్కువగా వాడదగినది కూడా ఇదే. సుమారు 8 నుంచి 20 సెం.మీ. పొడవున్న మెత్తని గొట్టాన్ని దండచేతి లోతైన సిరలోకి అల్ట్రాసౌండ్ సాయంతో పంపుతారు. దాని కొస చంక దగ్గరే ఆగిపోతుంది, గుండె వైపు వెళ్లదు కాబట్టి కొస ఎక్కడుందో చూసే ఎక్స్‌రే అక్కరలేదు. మధుమేహంతో కాలి పుండు వచ్చి రెండు వారాలు యాంటీబయాటిక్ కావలసినవారికీ, చేతి సిరలు కనబడని స్థూలకాయులకూ, చర్మం కాగితంలా పలచబడిన వృద్ధులకూ ఇది బాగా సరిపోతుంది. ఘాటైన కీమో మందుకూ పూర్తి పోషకాహారానికీ ఇది పనికిరాదు, ఎందుకంటే కొస ఇంకా మధ్యస్థమైన సిరలోనే ఉంటుంది. పైగా అది లోతులో ఉన్నందువల్ల మందు కారినా పైకి వెంటనే కనబడదు.

మన దేశంలో మిడ్‌లైన్, పిక్ లైన్ పెట్టే నర్సుల బృందాలు విదేశాల్లో ఉన్నంతగా పెరగకపోవడానికి ఒక కారణం చట్టంలో ఉంది. ఆడపిండాల హత్యలను ఆపడానికి 1994లో తెచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రాలు నమోదు కావాలి, వాటిని అర్హులైన వైద్యులే వాడాలి. ఆ చట్టం మనకు అవసరమైనదే. దాని పర్యవసానంగా మంచం పక్కనే సిరను చూసి గుచ్చే సౌకర్యం మత్తు వైద్యుడో రేడియాలజిస్టో ఉన్నచోటికే పరిమితమైంది. కాబట్టి చిన్న పట్టణంలో చేరిన రోగికి మిడ్‌లైన్ కావాలనుకుంటే, ఆ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు ఎప్పుడు అందుబాటులో ఉంటారో ముందు కనుక్కోవాలి.

ఐసీయూలో పెట్టే సెంట్రల్ లైన్

మెడలోనో కాలర్ ఎముక కిందో గజ్జలోనో పెట్టి, కొసను పెద్ద సిరలో ఉంచే ఈ లైన్‌ను రోగి కుటుంబం ఎంచుకోవడం అరుదు, పరిస్థితే ఎంచుకుంటుంది. జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం పంపుకొని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. అప్పట్లో చీవాట్లు తిన్న ఆ పనికి 1956లో నోబెల్ బహుమతి లభించింది. స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ 1953లో ప్రచురించిన తీగ పద్ధతితో, అంటే ముందు సూది, దానిలోంచి తీగ, తీగ మీదుగా గొట్టం పంపే పద్ధతితో, ఈ పని సురక్షితమైంది. ఇప్పటి పిక్ లైన్లూ పోర్టులూ ఎక్కువగా ఆ పద్ధతి మీదనే ఆధారపడి ఉన్నాయి.

దీని విషయంలో ఇంటివారు తెలుసుకోవలసింది ఇన్ఫెక్షన్ గురించి. చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా శుభ్రమైన వస్త్రంతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుద్ధి చేయడం, వీలైనంతవరకు గజ్జను వదిలేయడం, అవసరం తీరిన వెంటనే తీసేయడం అనే ఐదు పనులను తప్పక పాటించినప్పుడు మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్లు మూడు నెలల్లోనే గణనీయంగా పడిపోయాయని 2006లో పీటర్ ప్రొనోవోస్ట్ బృందం చూపింది. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. “ఈ లైన్ ఈరోజు ఇంకా అవసరమా?” అని ప్రతిరోజూ మర్యాదగా అడిగే హక్కు రోగి బంధువులకు ఉంది.

పిక్ లైన్, హిక్‌మన్, పోర్ట్: నెలల తరబడి చికిత్సకు

అసలైన ఎంపిక ఇక్కడే వస్తుంది, ఇంటివారి మాటకు విలువ ఉండేదీ ఇక్కడే. పిక్ లైన్‌ను దండచేతి సిరలోంచి పంపి కొసను గుండె ముంగిట ఉన్న మహాసిరలో నిలుపుతారు. ఆపరేషన్ థియేటర్ అక్కరలేదు, చర్మం మొద్దుబార్చే ఇంజెక్షన్ చాలు, తీసేయడం నిమిషాల పని. ప్రతిసారీ సూది గుచ్చవలసిన పని ఉండదు, రక్త పరీక్షలకూ దానిలోంచే తీయవచ్చు. కానీ గొట్టం చివరి భాగం చేతి బయట వేలాడుతూ ఉంటుంది. వారానికొకసారి డ్రెస్సింగ్ మార్చి, సెలైన్‌తో ఫ్లష్ చేయించాలి, అంటే గొట్టం మూసుకుపోకుండా లోపల కడిగించాలి, స్నానం చేసేటప్పుడు ఆ చేయి తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేసుకోవాలి, చెరువులోనూ కాలువలోనూ దిగకూడదు. మన ఎండల్లో చెమటకు డ్రెస్సింగ్ ఊడిపోవడం చిన్న విషయం కాదు. డ్రెస్సింగ్ మార్చగలిగిన నర్సు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ వారం వారం ప్రయాణాన్ని కూడా పిక్ లైన్ ధరలో కలిపి చూడాలి.

హిక్‌మన్ లైన్‌కు ఆ పేరు అమెరికాలోని సియాటిల్‌లో ఎముక మజ్జ మార్పిడి రోగుల కోసం 1979లో దాన్ని వర్ణించిన రాబర్ట్ హిక్‌మన్ నుంచి వచ్చింది. మెడ దగ్గర సిరలోకి వెళ్లే గొట్టం ఛాతీ చర్మం కింద కొంత దూరం సొరంగంలా నడిచి బయటికి వస్తుంది. దాని చుట్టూ ఉన్న చిన్న పట్టీలోకి మూడు నాలుగు వారాల్లో కండ అల్లుకుపోయి క్రిములకు అడ్డుగోడలా నిలుస్తుంది. మజ్జ మార్పిడిలో ఒకేసారి అనేక మందులూ రక్తమూ ఎక్కించాలి కాబట్టి రెండు మూడు దారులున్న ఈ లైన్‌కు అక్కడ ఇప్పటికీ తగిన స్థానముంది. మామూలు కీమోకు దీనిని మొదట ఎంచుకోవలసిన కారణం నాకు కనబడదు.

పోర్ట్ పూర్తిగా చర్మం లోపల ఉంటుంది. పెద్ద బటన్ అంత డబ్బీకి పైన దట్టమైన సిలికాన్ మూత, పక్కనుంచి సన్నని గొట్టం ఉంటాయి. కాలర్ ఎముక కింద చిన్న కోత పెట్టి డబ్బీని అమర్చి, గొట్టాన్ని మెడ సిర ద్వారా మహాసిరలోకి పంపుతారు. మందు ఇచ్చే రోజున చర్మం మీదుగా హ్యూబర్ సూదిని ఆ మూతలోకి గుచ్చుతారు. ఈ సూది కొస సిలికాన్ ముక్కను కోయకుండా దూరే విధంగా వంగి ఉంటుంది, అందుకే ఆ మూత వెయ్యి సార్లకు పైగా గుచ్చుళ్లను తట్టుకోగలదు. మామూలు సూది గుచ్చితే మూత పాడవుతుంది. ఊరిలో ఎవరైనా “ఇదిగో పోర్టు ఉందిగా” అంటూ మామూలు సూది తీస్తే ఆపేయాలి. సూది లేని రోజుల్లో డ్రెస్సింగ్ అక్కరలేదు, కోత మానాక స్నానానికి అడ్డు లేదు, రవిక కింద కనబడదు, వంట, పొలం పని, ఉద్యోగం యథావిధిగా సాగుతాయి. వాడనప్పుడు నెలకొకసారి ఫ్లష్ చేయడం పాత అలవాటు, ఇప్పుడు చాలా కేంద్రాలు రెండు మూడు నెలలకు పొడిగిస్తున్నాయి.

పోర్టుకు ఉన్న లోపాలనూ దాచకూడదు. పెట్టడానికీ తీయడానికీ చిన్న ఆపరేషన్ కావాలి, వస్తువు ధర వేలల్లో ఉంటుంది, ఇన్ఫెక్షన్ లోపలి డబ్బీకి సోకితే సాధారణంగా దానిని తీసివేయక తప్పదు, ప్రతి విడతకూ చర్మం మీద ఒక గుచ్చుడు ఉంటుంది. అయినప్పటికీ బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా క్యాన్సర్ రోగులతో జరిగి 2021లో లాన్సెట్‌లో వెలువడిన ‘కావా’ పరిశోధన ఈ మూడింటి మధ్య తూకాన్ని చాలావరకు తేల్చింది. 12 వారాలు లేదా అంతకుమించి చికిత్స అవసరమైనవారిలో హిక్‌మన్‌తో పోల్చినప్పుడు ఇబ్బందులు పోర్టువారిలో 29 శాతం, హిక్‌మన్‌వారిలో 43 శాతం. పిక్ లైన్‌తో పోల్చినప్పుడు పోర్టువారిలో 32 శాతం, పిక్ లైన్‌వారిలో 47 శాతం. పిక్ లైన్‌కూ హిక్‌మన్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఈ అంకెలను మన పరిస్థితికి అన్వయిస్తే నా సలహా ఇలా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌లో నాలుగు విడతల ఎర్ర మందు, తరువాత పన్నెండు వారాల పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు అని ముందే తెలిసినప్పుడు, ముఖ్యంగా ఒక చేయి మాత్రమే వాడదగినప్పుడు, మొదటి విడతకు ముందే పోర్టు గురించి అడగండి. ఏడాది పొడవునా మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంకో క్యాన్సర్ మందు కూడా ఉంటే ఇక సందేహం అక్కరలేదు. రెండు మూడేళ్లు సాగే పిల్లల ల్యుకేమియా చికిత్సలోనూ పోర్టు పిల్లవాడికి బడికి, ఆటకు వెళ్లే వీలు ఇస్తుంది. ఆరేడు వారాల యాంటీబయాటిక్, లేదా రెండు నెలలలోపు ముగిసే చికిత్స అయితే పిక్ లైన్ న్యాయమైన ఎంపిక. రక్తకణాలు బాగా పడిపోయి కోత పెట్టడం ప్రమాదమైనప్పుడు కూడా ముందు పిక్ లైన్‌తో నడిపి, తరువాత పోర్టుకు మారవచ్చు. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం కింద చేరినవారు పోర్టు ఖర్చు ప్యాకేజీలో కలుస్తుందా, విడిగా కట్టాలా అన్నది సంతకం పెట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. సీటీ స్కాన్లు తరచుగా ఉంటాయనుకుంటే, రంగుమందును ఒత్తిడితో పంపడానికి అనుమతించిన రకం పోర్టునే అడగాలి. దాని వివరాల కార్డును ఆధార్ కార్డంత జాగ్రత్తగా దాచుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి లెక్క మారుతుంది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధిని చూడడం కష్టం. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభం కావడానికి ఆ దుస్థితే కారణం. అక్కడివారికే కాదు, మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతింటున్న ప్రతివారికీ ఈ భాగం ముఖ్యం. రేపు డయాలిసిస్ అవసరమైతే ముంజేతి సిరను ధమనితో కలిపి ఫిస్టులా చేస్తారు. న్యూయార్క్‌లో బ్రెషియా, చిమినో బృందం 1966లో ప్రకటించిన ఈ పద్ధతి ఇప్పటికీ మిగతా దారులకంటే ఎక్కువ కాలం నిలిచేది, ఇన్ఫెక్షన్ తక్కువగా తెచ్చేది. కానీ ఆ సిర పాడైపోయి ఉంటే ఫిస్టులా కుదరదు. అందువల్ల మూత్రపిండాల వడపోత రేటు, అంటే రక్త పరీక్ష రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉండేది, 45 కంటే తగ్గినవారికి పిక్ లైన్ పెట్టకూడదని మ్యాజిక్ మార్గదర్శకం గట్టిగా చెబుతుంది. కాలర్ ఎముక కింది సిరనూ వదిలిపెట్టాలి, ఎందుకంటే అక్కడ సిర సన్నబడితే ఆ వైపు చేయంతా ఫిస్టులాకు పనికిరాకుండా పోతుంది. ఇటువంటివారికి చిన్న అవసరాలకు అరచేతి వెనుక భాగంలోని సిరలు, పెద్ద అవసరాలకు మెడ సిర వాడాలి. రక్త పరీక్షకు వచ్చిన ల్యాబ్ కుర్రవాడికి కూడా “ఆ చేయి వద్దు బాబూ, వెనుకవైపు తీయండి” అని చెప్పే ధైర్యం రోగికి ఉండాలి.

ఫిస్టులా పరిపక్వం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. డయాలిసిస్ రేపో మాపో అన్నప్పుడు ఆలోచన మొదలుపెడితే మెడలో గొట్టమే గతి అవుతుంది. ఫిస్టులా ఉన్న చేతికి క్యాన్యులా, బీపీ పట్టీ, రక్త పరీక్ష మూడూ నిషిద్ధం.

ఇంటికి వచ్చాక చూసుకోవలసినవి

లైన్‌తో ఇంటికి పంపుతున్నప్పుడు పెట్టిన తేదీ డ్రెస్సింగ్ మీద రాయించుకోవాలి. పిక్ లైన్‌ను ఫ్లష్ చేసేవారు 10 మి.లీ. సిరంజినే వాడాలి, చిన్న సిరంజి లోపల ఎక్కువ ఒత్తిడి పుట్టించి గొట్టాన్ని చీల్చగలదు. మూత భాగాన్ని స్పిరిట్‌తో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరాక మాత్రమే సిరంజి తగిలించాలి. గొట్టం మూసుకుపోతే బలంగా తోయకూడదు. ఫ్లష్ చేసిన గంట లోపల వణుకుతో జ్వరం వస్తే అది లైన్ ఇన్ఫెక్షన్ అనుకోవాలి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. కీమో రోగి అయితే పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూడడం ప్రాణం మీదికి తెస్తుంది. లైన్ ఉన్న చేయి, మెడ లేదా ముఖం ఒకవైపు వాచినా, పోర్టులోకి మందు వెళ్తున్నప్పుడు మంట పుట్టినా ఆలస్యం చేయకుండా చెప్పాలి.

చికిత్స ముగిసిన పోర్టును ఎప్పుడు తీయించాలన్నది మళ్లీ జబ్బును బట్టి ఉంటుంది. తిరగబెట్టే అవకాశం ఎక్కువని వైద్యుడు భావిస్తే కొన్నాళ్లు ఉంచమంటారు, అప్పుడు ఫ్లష్ తేదీలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. తీయించేటప్పుడు మత్తు చర్మానికి మాత్రమే ఇస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. మా పిన్ని తన పోర్టును ఆఖరి విడత తరువాత ఏడాదిన్నరకు తీయించుకుంది. ఆ మధ్యకాలంలో మూడు నెలలకొకసారి ఫ్లష్ కోసం వెళ్లిన ప్రతిసారీ, వరుసలో కూర్చున్న కొత్త రోగులకు తన నల్లబడ్డ ఎడమ ముంజేయి చూపించి, మొదటి విడత ఎక్కించుకోకముందే డాక్టరును పోర్టు గురించి అడగమని చెప్పి వచ్చేది.